అన్న చూడాలనుకున్న ఎద్దుల పరుగు

స్పెయిన్ అనే దేశం ఒకటుందని మా అన్నకు అరవై మూడో ఏట తెలిసింది, అదీ తుంటి విరిగి మంచాన పడ్డాక. కాలక్షేపం కోసం నేనే ఒక ఫోను కొనిచ్చాను. మొదటి వారమంతా దాంట్లో ఎద్దుబళ్ళ పందేలు చూశాడు. ఫోను ఊరుకోదు కదా, ఒకటి చూస్తే దానిలాంటివి ఇంకో నాలుగు ముందుకు తోస్తుంది. అలా ఒకనాడు ఇరుకు వీధిలో తెల్లచొక్కాల మనుషులు పరిగెత్తడం, వాళ్ళ వెనక ఆరు నల్ల ఎద్దులు రావడం అన్న కంటపడింది.

నేను విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లు ఆఫీసులో టైపిస్టును. భర్త పోయాక అక్కడే ఒక వాటా ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాను. అన్న ఉండేది కోవిల్‌పట్టి దగ్గర మా పల్లెలో, నల్లరేగడి నేలలో. వదిన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, వారానికి సరిపడా పొడులూ పచ్చళ్ళూ చేసిపెట్టి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. ఆ ఆదివారం నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే పిలిచాడు.

"పాపా, ఈడ రా. ఇది చూడు. తెల్లోండ్లు మన మాదిరే ఎద్దులతో పరిగెత్తుతాండారు."

యాభై ఏడేళ్ళ దాన్ని పాపా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. పక్కన కూర్చుని చూశాను. నాకు భయమే వేసింది. ఒకడు జారి పడ్డాడు, ఎద్దు వాణ్ణి దాటుకుని పోయింది.

"ఇది ఏమి వేడుకన్నా, పిచ్చోండ్ల మాదిరి."

"పిచ్చి కాదు పాపా. చూడు, దిగేదానికి ముందు గోడలో ఉండే సామికి చెప్పుకోని దిగుతాండారు. ఎర్రతుండు కట్టుకోనుండారు. వాండ్లు మన పక్కం వాండ్లే అనుకో."

మా వైపు తెలుగువాళ్ళలో కొందరికి అలాంటి పండగే ఉంది. సామికి వదిలిన ఎద్దుల్ని పొలిమేర అవతల నుంచి పరిగెత్తిస్తారు. ముందుగా గీత దాటిన ఎద్దు కాళ్ళకు పసుపునీళ్ళు పోస్తారు. దాన్ని మేపినవాడికి ఒక నిమ్మకాయ, దోసెడు పసుపు ఇస్తారు. బహుమతి అంతే. తరువాత ఎద్దును ఇంటికి తోలుకుపోయి కుడితి పెడతారు. అన్న తల్లో ఉన్నది ఈ పండగే. అందుకే స్పెయిన్ వీడియో చివర్లో ఎద్దులన్నీ ఒక పెద్ద గుండ్రటి కట్టడంలోకి దూరిపోతే, అన్న దాన్ని పశువుల దొడ్డి అనుకున్నాడు.

"దొడ్డి ఎంత గొప్పగా కట్టినారో చూడు పాపా. మనము నాలుగు కంబాలు నాటి పైన తాటాకు వేస్తాము. వాండ్లు ఎద్దులకి కోట కట్టినారు. చుట్టూ మెట్లు కూడా ఉండాయి, జనము కూసోని చూసేదానికి."

ఆ కట్టడం దేనికో ఆ రోజు నాకూ తెలియదు. విరుదునగర్ వచ్చాక మర్నాడు భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్లో చదివాను. పొద్దున పరిగెత్తిన ఆరు ఎద్దుల్ని అదే రోజు సాయంత్రం ఆ కట్టడంలోనే జనం ఎదుట చంపుతారట. మరుసటి పొద్దున ఇంకో ఆరు. పండగ అయ్యేదాకా రోజూ అంతే. కంప్యూటరు ఆపేసి, డబ్బాలో మిగిలిన అన్నానికి అలాగే మూత పెట్టాను.

అన్నకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ఇంకో సంగతి చెప్పాలి. దాన్ని దాచి ఈ కథ చెప్పడం నా వల్ల కాదు.

అన్న మంచాన పడింది ఎద్దుబండి పందెంలోనే. మలుపులో బండి ఒరిగి చక్రం తుంటి మీదుగా పోయింది. మదురై ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నాడు. అక్కడ ఆయన దగ్గర ఉండాల్సింది నేను, ఊళ్ళో ఎద్దుల్ని చూడాల్సిందీ నేనే. ఆ జత అన్నను తప్ప ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. కూలికి పెట్టుకున్న మనిషిని ఒకటి కుమ్మబోతే అతడు మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. ఆ ఏడు వానల్లేవు, గడ్డివామి అయిపోయింది. ఇవన్నీ నిజాలే, ఎవరడిగినా ఇవే చెప్పుకునేదాన్ని. కానీ అసలు నిజం వేరే. నాకు ఆ ఎద్దుల మీద కోపం. నా అన్న కాలు విరిచాయని వాటి ముఖం చూడబుద్ధి కాలేదు. ఒక మధ్యాహ్నం వ్యాపారి లారీతో వస్తే సరేనన్నాను. అంత తొందరగా నేను ఏ పనికీ సరేననలేదు.

మా ఊళ్ళో ఎద్దు చేతులు మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. సేద్యానికో పందేనికో తీసుకుపోయేవాడికి ముక్కుతాడుతో సహా ఇస్తాం. కోతకు పోయే పశువుకైతే తాడు విప్పి అమ్మినవాళ్ళకే ఇచ్చేస్తారు. ఆ వ్యాపారి రెండు తాళ్ళూ విప్పి నా చేతికిచ్చాడు. వాటిని బావిలో పారేశాను.

నొప్పిమందుల మత్తు తగ్గి తెలివి సరిగ్గా వచ్చాక అన్న అడిగిన మొదటి మాట ఎద్దుల గురించే. పాంచాలంకురిచ్చి అవతల ఒక పల్లెలో మంచి రైతుకు ఇచ్చానని చెప్పాను. "ముక్కుతాడు ఇస్తివా?" అన్నాడు. ఇచ్చానన్నాను. కళ్ళు మూసుకుని, "నువ్వు చేస్తే సరిగ్గానే చేస్తావు" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ పీకుతుంది.

అబద్ధం మూడేళ్ళు నిలబడింది. దానికి కూడా మా పద్ధతే సాయం చేసింది. ఎద్దును మేపినవాడు, ఇంకొకరికి ఇచ్చేశాక దాన్ని మళ్ళీ చూడ్డానికి పోకూడదు. చూస్తే అది మేత మానేస్తుందని అంటారు. అన్న ఆ మాటకు కట్టుబడి ఒక్కసారి కూడా అటు పోతానని అనలేదు. కానీ ప్రతి పొంగల్‌కూ కోవిల్‌పట్టి నుంచి రెండు పెద్ద పొట్లాల కడలమిట్టాయి తెప్పించి నా సంచిలో పెట్టేవాడు. వేరుశనగా బెల్లమూ కలిపి చేసిన ఆ అచ్చులంటే ఆ ఎద్దులకు ప్రాణం. "నా తరపున వాటికి పెట్టు పాపా. ఎడమపక్కం దానికి ముందు పెట్టు, లేకుంటే అలుగుతాది." నేను ఆ పొట్లాలను మిల్లులో పప్పు చెరిగే ఆడవాళ్ళకు పంచేదాన్ని. మీ అన్నకు మీరంటే ఎంత ప్రేమో అనేవారు వాళ్ళు. నా వాటా కూడా తీసుకునేదాన్ని, లేకపోతే ఎందుకు తినలేదని అడుగుతారు.

అందుకని అన్న ఒక ఆదివారం ఫోను పక్కన పెట్టి, "పాపా, ఒకసారి దీన్ని కండ్లారా చూడాలని ఉండాది" అన్నప్పుడు నేను కాదనలేకపోయాను. గాలిమరల కంపెనీకి ఇచ్చిన పొలం తాలూకు సొమ్ము బ్యాంకులో పడి ఉంది, ఖర్చు పెట్టుకునే దిక్కు లేదు. ఆయన జీవితంలో నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక ఇది. దీన్ని తీరిస్తే ఆ పాపం కొంతైనా తరుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను.

పాస్‌పోర్ట్ కోసం కాళ్ళు అరిగేలా తిరిగాం. విచారణకు ఇంటికొచ్చిన పోలీసాయన, స్పెయిన్‌లో ఎవరున్నారని తమిళంలో అడిగాడు. "మాడు ఇరుక్కు సార్" అన్నాడు అన్న. ఎద్దులున్నాయట. ఆయన పెన్ను ఎత్తి పట్టుకుని కొంతసేపు అన్నను చూసి, చుట్టంచూపు అని రాసుకుపోయాడు. దాన్ని తలుచుకుని ఇద్దరం వారాల తరబడి నవ్వుకున్నాం.

అన్న ఆ ఏడంతా వేరే మనిషయ్యాడు. చేతికర్రతో రోజూ మిద్దె మెట్లు ఎక్కి దిగేవాడు, అక్కడ మేడమీద నుంచి చూడాల్సి వస్తుందని. ఎద్దుల కంటే ఎత్తులో నిలబడడం మర్యాద కాదని మొదట ఒప్పుకోలేదు. కింద నిలబడితే ఈ కాలితో పరిగెత్తలేవని నేను ఒంటికాలి మీద లేచాక తగ్గాడు. చిన్న డబ్బాలో పసుపు నింపి పెట్టుకున్నాడు.

"పరుగు అయినాక ఆ దొడ్డికాడికి పొయ్యి, ముందు వచ్చిన ఎద్దు కాళ్ళకి కొంచం పసుపు పూస్తాము. అడిగితే వద్దంటారా?"

"వాండ్ల పాస నీకి రాదే, ఎట్ల మాట్లాడతావు?"

"ఎద్దులు మేపేవోనికి పాస ఏంటికి. డబ్బా చూపిస్తే అర్తమయితాది."

నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు.

ప్రయాణం నా లెక్క ప్రకారమే తయారుచేశాను. పరుగు పొద్దున ఎనిమిదింటికి, మూడు నిమిషాల్లో అయిపోతుంది. పదింటికల్లా మేం రైలెక్కి ఆ ఊరు దాటిపోవాలి. సాయంత్రం ఆ చుట్టుపక్కల ఉండకూడదు. అంత దూరం పోయి మూడు నిమిషాలకే ఎందుకు తిరుగుముఖం పడుతున్నామని అన్న రెండు మూడుసార్లు అడిగాడు. పండగ రోజుల్లో గదులు దొరకవన్నాను. ఒకసారి అబద్ధం అలవాటయిన నోటికి రెండోది తడుముకునే పని లేదు.

విరుదునగర్ బస్టాండు పక్కన ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉంది. మొదటి రెండుసార్లు నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్కడి పెద్దాయనతో, సాయంత్రం సంగతి మా అన్న ఎదుట ఎత్తవద్దని చెప్పుకున్నాను. ఆయన తలూపాడు. మూడోసారి సంతకాలకు అన్న స్వయంగా రావాల్సి వచ్చింది. కోవిల్‌పట్టి నుంచి బస్సులో ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మడత విప్పని కొత్త పంచె కట్టుకున్నాడు. కర్ర మాత్రం పాతదే. మేం వెళ్ళేసరికి ఆ పెద్దాయన సీట్లో లేడు, ఎవరిదో గృహప్రవేశానికి పోయాడట. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఉంది. కలుపుగోలు పిల్ల. అన్నకు కుర్చీ జరిపి, టీ తెప్పించింది. మా కాగితాలన్నీ చూసి తమిళంలో అంది.

"అయ్యా, మీరు పొద్దునదానికే తీసుకున్నారు. సాయంత్రందానికి కూడా టికెట్ తీయమంటారా? ఇప్పుడే చెప్తే నీడ పడే వైపు దొరుకుతుంది."

సాయంత్రం ఏముంటుందని అన్న అడిగాడు. నేను ఏదో అనబోయాను. నా కంటే ముందే ఆ అమ్మాయి చెప్పేసింది. చెప్పడంలో ఆమె తప్పేం లేదు, అడిగినదానికి జవాబిచ్చింది. పొద్దున పరిగెత్తినవాటినే సాయంత్రం ఆ మైదానంలో కత్తితో చంపుతారనీ, అది చూడ్డానికే చాలామంది వస్తారనీ చెప్పింది.

"అన్నింటినా?" అన్నాడు అన్న.

"అవునయ్యా. రోజుకు ఆరు."

"మేపినవాళ్ళకు తెలిసే పంపుతారా?"

"అందుకోసమే పెంచుతారయ్యా."

అన్న టీ మొత్తం తాగాడు. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ఇవాళ సంతకం పెట్టను, తరువాత వస్తానని ఆ అమ్మాయితో మర్యాదగా చెప్పి లేచాడు. నేను కాగితాలు సంచిలో కుక్కుకుని వెనకే నడిచాను.

బస్టాండులో సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి పోయే బస్సులు ఆగే చోట సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నడి ఎండ. ఒక బస్సు వచ్చి పోయింది, అన్న లేవలేదు. కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"నీకి తెలుసునా?"

"తెలుసున్నా."

"ఎప్పటాల్నించి?"

"నువ్వు మొదలు చూపిస్తివే, మరునాడే చదివినాను."

"మరి ఏంటికి చెప్పల్యా?"

"నువ్వు రొంబ సంతోసంగా ఉంటివి. దాన్ని చెరిపేదానికి మనసు రాల్యా."

అన్న తలూపాడు. కోపం లేదు ఆ ముఖంలో. లెక్కలో పొరపాటు ఎక్కడ వచ్చిందో మొదటినుంచి చూసుకుంటున్నవాడిలా ఉన్నాడు. పక్కన ఒకామె మల్లెపూల మూరలు కొలుస్తోంది. ఇంకో బస్సు వచ్చింది. దాని కండక్టరు ఊరిపేర్లు అరిచి అరిచి వెళ్ళిపోయాడు. అప్పుడు అన్న నా వైపు తిరిగాడు.

"నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా, నేను సంతోసంగా ఉండాలనే కదా నువ్వు అనుకోనుంటావు."

నేను సంచిలో కుక్కిన కాగితాలు తీసి సర్దసాగాను.

"నా ఎద్దులు యాడ ఉండాయి, పాపా?"

అబద్ధం నోట్లో సిద్ధంగానే ఉంది. బాగుండాయన్నా, పోయిన పొంగల్‌కు కూడా చూసినాను అంటే చాలు. ఆయన నమ్మేవాడో లేదో గాని, పైకి ఒప్పుకునేవాడే. ఇంకో పదేళ్ళు అలాగే గడిచిపోయేవి. నేను ఆయన కళ్ళలోకి చూశాను. తెలుసుకోవాలని అడుగుతున్న మనిషి కాదు. తెలిసిపోయి, నేను చెబుతానా లేదా అని చూస్తున్న మనిషి.

"అడిమాటుకు ఇచ్చేసినానన్నా."

కోతకు పోయే పశువును మా వైపు అడిమాడు అంటారు. ఆ ఒక్క మాట పైన చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. నాకు అప్పుడు ఏడుపు కూడా రాలేదు. మూడేళ్ళుగా కడుపులో దాచిన మాట బయటపడితే తేలికగా ఉంటుందనుకునేదాన్ని. అలాంటిదేం లేదు. ఆయన చేతుల్లోకి ఆ బరువు పోవడం కళ్ళారా చూశాను, అంతే.

అన్న ఒక్కటే అడిగాడు.

"రెండూ ఒకే లారీలోనా?"

"ఒకే లారీలోనే అన్నా. పక్కపక్కనే."

"ఊఁ."

ఆ తరువాతి బస్సుకు లేచాడు. మెట్టు ఎత్తుగా ఉంది, ఎప్పటిలా మోచెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి విదిలించలేదు, కర్రను ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పట్టుకునే చోటు లేకుండా పోయింది. లోపల కిటికీ పక్కన కూర్చుని బయటికి చూశాడు. నేను కింద నిలబడి, ఇంటికి పోయినాక ఫోను చెయ్యన్నా అన్నాను.

"సరి. నీంగ పోంగ, వెయ్యిలా ఇరుక్కు" అన్నాడు.

ఎండగా ఉంది, మీరు వెళ్ళండి అని. తమిళంలో.

వినేవాళ్ళకు ఇది పెద్ద విషయంలా కనబడదు. మేం తమిళనాడులో పుట్టినవాళ్ళం, బజారులో, బడిలో, బస్సులో మాట్లాడేది తమిళమే. తెలుగు మాకు చదువుకునే భాష కాదు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకునే భాష. ఎంతమందిలో ఉన్నా మేమిద్దరం తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. ఆసుపత్రిలో నర్సుల ముందు కూడా అంతే. అమ్మానాన్నా పోయాక, వదిన పోయాక, నా భర్తా పోయాక, ఈ భాషలో నన్ను నువ్వు అనడానికి ఆయనొక్కడే మిగిలాడు. ఆ రోజు నాతో మాట్లాడింది బయటివాళ్ళతో మాట్లాడే తమిళం. బయటి ఆడవాళ్ళకు ఇచ్చే మర్యాదే నాకూ ఇచ్చాడు.

స్పెయిన్ పోలేదు. నేను ఆదివారాలు మానలేదు. వెళితే కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళు ఇస్తాడు. చేసిన పొడులు తీసుకుని బాగున్నాయంటాడు. ఒక్క మాట నిష్ఠూరంగా అనడు. అంటేనైనా బాగుండును. నేను తెలుగులో అడుగుతాను, ఆయన తమిళంలో జవాబిస్తాడు. మొదటి నెలల్లో కోపం తగ్గితే మారతాడనుకున్నాను. అది కోపం కాదని తరువాత అర్థమైంది. నా గురించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు, అంతే.

మొన్న నాకు జ్వరం వచ్చి ఆదివారం పోలేకపోయాను. సాయంత్రం ఆయనే ఫోను చేశాడు.

"ఉడంబు ఎప్పిడి ఇరుక్కు? సాప్టీంగళా?"

ఒళ్ళు ఎలా ఉంది, తిన్నారా అని.

"తింటినన్నా. ఇప్పుడు కొంచం మేలు" అన్నాను. పాపా అంటాడేమోనని ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని కూర్చున్నాను. మందులు వేళకు వేసుకోండి, ఉంటానండీ అని తమిళంలోనే చెప్పి పెట్టేశాడు.